పక్కింటామెకు చెప్పు

ఝరాసంగం దిక్కు మా ఊరికి వారానికోసారి వచ్చే సర్కారు దవాఖాన నర్సమ్మకు ఒక అలవాటుండె. ఏదన్న నేర్పితే సమజైందా అని అడగకపోయేది. "నాకు గాదు, పోయి పక్కింటామెకు చెప్పు, నేను వింట" అనేది. ఇదేం తిక్క అని నాకు ఒళ్లు మండేది.

ఎమర్జెన్సీ ఎత్తేసినంక రెండు మూడేండ్లకు, ఎండకాలంల, నా ఏడాది బిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకున్నయి. నీళ్లు తాపితే ఇంకా పారుతదని మా అత్త చెంబు ముట్టనియ్యలే. మా దిక్కు అందరం గట్లనే నమ్ముతుంటిమి. నర్సమ్మ వచ్చేసరికి పిల్ల కండ్లు లోపలికి పోయినయి. ఏడిస్తే కన్నీళ్లు లెవ్వు, పొద్దుగాల్నుంచి ఉచ్చ లేదు.

కాగి చల్లారిన నీళ్లు చెంబెడు తీసుకొని, పిడికెడు చక్కెర, మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు కలిపింది. ముందుగాల తానే చప్పరించి చూసింది. "కన్నీళ్ల కంటె ఉప్పగుండొద్దు" అని చెంచా నా చేతికిచ్చింది. మా అత్త గొణుగుతనే ఉన్నది, నేను చెంచా చెంచా తాపుతనే ఉన్న.

మాపటికి పిల్ల నా ఒడి తడిపింది. ఆ ఉచ్చ చూసి ముందు ఏడ్సింది మా అత్తనే. నేను నర్సమ్మ కాళ్లు మొక్కబోతే, "నా కాళ్లెందుకు? పక్కింటికి పో" అన్నది. నాకంటె ముందు మా అత్త లేసి పోయింది.

రెండేండ్లకు జహీరాబాద్ బస్టాండ్‌ల న్యాల్‌కల్ ఊరామె ఒకామె నా పక్కన కూసున్నది. బిడ్డ తర్వాత పుట్టిన నా ఒళ్లె చిన్నోన్ని చూసి, అడగకుంటనే చెప్పవట్టింది. "ఎండలొచ్చినయి అక్కా. కడుపు పారితే నీళ్లు బంద్ చెయ్యకు. పిడికెడు చక్కెర, మూడు వేళ్ల ఉప్పు. కన్నీళ్ల కంటె ఉప్పగుండొద్దు."

నాకెరికేనని అనలేదు. ఆఖరుదాక విన్న.

"నీకెవరు చెప్పిన్రు?" అని అడిగిన.

"మా పక్కింటామె" అన్నది.