ఆరు నిలువుల పైన

పూలిని తలచుకుంటే ముందు ఆమె చేతులు గుర్తుకొస్తాయి. ఎడమ బొటనవేలి మీద సూదిపోట్లు, కుడిచేతి వేళ్ల మధ్య కత్తెర పట్టి కాచిన కాయలు. ముప్పై ఏళ్లు జూలూరుపాడు బస్టాండు పక్క కొట్లో రవికెలు కుట్టిన చేతులవి. పోయిన చలికాలంలో నాలుగు రోజుల జ్వరంతో ఆమె పోయింది. అయినా ఆ చుట్టుపక్కల తండాల్లో ఆమెను టైలరుగా తలచుకునేవాళ్లు ఇప్పుడు తక్కువ. నలభై తొమ్మిదో ఏట ఆ చేతులు ఇంకో పని నేర్చుకున్నాయి.

కొట్టుకు అవతలి గోడ మురళీకృష్ణది. ఫొటో స్టూడియో. పెళ్లిళ్లవాళ్లందరూ డ్రోన్ ఉందా అని అడుగుతుంటే అతను చిన్నదొకటి కొన్నాడు. మొదటి పెళ్లిలోనే అది షామియానా గుంజకు కొట్టుకుని పప్పు గంగాళంలో పడింది. బాగు చేయించాడు గానీ మళ్లీ ఎగరేసే ధైర్యం రాలేదు. సంచిలో పెట్టి బీరువా మీదికి ఎక్కించాడు.

"తమ్మీ, గది ఒకసారి నాకియ్యి," అంది పూలి ఒక మధ్యాహ్నం.

"అక్కా, గిది కుట్టుమిషన్ కాదు."

"ఎరుకే. కుట్టుమిషన్ పప్పుల పడదు."

మురళీకృష్ణకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చాక ఇవ్వక తప్పలేదు.

ఆదివారాలు బడి మైదానంలో నేర్చుకుంది. రిమోట్ మీది ఎడమ పుల్లతో పైకీ కిందికీ పోతుంది, ఉన్నచోటే తిరుగుతుంది. కుడి పుల్లతో ముందుకూ వెనక్కూ పక్కలకూ పోతుంది. బ్యాటరీ మూడోవంతుకు రాకముందే వెనక్కి తెచ్చుకోవాలి. అడవి మీదికి పంపితే బీట్ ఆఫీసరు ఊరుకోడు. మురళీకృష్ణకు తెలిసింది అంతే. అంతా చెప్పేశాడు. మొదటి నెల ఆమె తీసిన వీడియోలు చూస్తే కళ్లు తిరిగేవి. గోల్‌పోస్టు చుట్టూ తిప్పబోతే అది ఎద్దు తాడు తెంపుకున్నట్టు ఎటో పోయేది.

ఒకరోజు రవికె మెడ కుడుతూ టక్కున ఆగింది. మెడ గుండ్రం కుట్టేటప్పుడు గుడ్డను లాగకూడదు. ఒక చెయ్యి జరుపుతుంటే ఇంకో చెయ్యి తిప్పుతూ ఉండాలి, కాలు మాత్రం ఒకే తొక్కుడు. ఆ ఆదివారం కుడి బొటనవేలితో పక్కకు జరుపుతూ, ఎడమ బొటనవేలితో తిప్పుతూ, గోల్‌పోస్టు చుట్టూ ఒక నిండు చుట్టు చుట్టించింది. వీడియోలో గోల్‌పోస్టు నడిమధ్యలోంచి కదల్లేదు.

"ఇప్పుడు చెప్పు తమ్మీ, గిది కుట్టుమిషన్ అవునా కాదా?"

ఆమె ఇంత పట్టు పట్టడానికి కారణం లంబాడీల తీజ్ పండుగ. గుట్టకింది తండాలో పుట్టిన పిల్ల ఆమె. శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు గంపల్లో పుట్టమన్ను పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లుపోసి మొలకలు పెంచుతారు. ఆఖరి రోజు గంపల చుట్టూ చేరి తండా ఆడవాళ్లంతా ఆడుతారు. పూలి పదకొండేళ్లు ఆడింది. ముందున్న పిల్ల జడ తప్ప మరేమీ చూడలేదు. ఆడేవాళ్లకు వలయం కనబడదు. చూసేవాళ్లకు ఎదుటి వరస వీపులే కనబడతాయి. ఆ వలయం మొత్తాన్ని ఒక్కసారి చూడాలని, దాన్ని తన చేత్తోనే తీయాలని ఆమె కోరిక.

ఆ కోరికకు మిరపకాయలు అడ్డం పడ్డాయి.

ఫిబ్రవరిలో, కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు వెంకటరామారావు గారి కల్లంలో మిరపకాయలు ఆరబోశారు. రెండెకరాల ఎరుపు. పై నుంచి తీస్తే బాగుంటుందని వెళ్లి, బ్యాటరీ అయిపోవస్తోందని కంగారుపడి, డ్రోన్‌ను ఆ కాయల మధ్యనే దింపింది. రెక్కల గాలికి ఎండుకారం, గింజలు, దుమ్ము లేచి కూలీల కళ్లల్లోకి పోయాయి. పదిహేను మంది ఒకేసారి తుమ్మారు.

వెంకటరామారావు గారు కండువాతో ముక్కు మూసుకుని, "ఏమ్మా పూలీ, కాయలు ఆరబెట్టుకోనిస్తావనుకుంటే మమ్మల్ని పోపు పెట్టావే," అన్నారు.

ఆయన నవ్వుతూనే అన్నారు. కానీ ఆ మాట తండాకు చేరేసరికి నవ్వు ఊడిపోయింది. ఆషాఢంలో ఆమె తండా నాయక్ పూల్‌సింగ్ దగ్గరికి పోయి తీజ్ తీస్తానని అడిగితే, ఆయన మంచం మీద నుంచి తల కూడా ఎత్తలేదు.

"ఎండిన కాయలనే లేపినవట. తొమ్మిది రోజుల మొలక ఆగుతదా? ఒక్క గంప ఒరిగినా ఆ పిల్ల తల్లి ఏడుస్తది. వద్దు."

"కాకా, నేను ఈ తండా బిడ్డనే కదా."

"గందుకే మంచిగ చెప్తున్న. బయటోళ్లకయితే గిట్ల చెప్పేటోణ్ని కాదు."

ఆమె ఇంటికి తిరిగి వచ్చింది. పెళ్లివాళ్లు కాదంటే పట్టించుకునేది కాదు. కాదన్నది పుట్టిన తండా. అక్కడ కాదంటే ఇంకెక్కడా ఆ పుల్లలు పట్టనని భర్త గోప్యాతో అంది.

మరునాడు కిలో గోధుమలు కొంది. పాత నీలం టబ్బులో మట్టిపోసి చల్లింది. "ముసలితనంల తీజ్ పెడ్తున్నవా?" అన్నాడు గోప్యా. "తీజ్ కాదు. కొలత," అంది. మొలకలు జానెడు లేచాక, వెదురు గడకు కొలతటేపుతో గీతలు పెట్టి గోప్యా చేతికిచ్చింది. మనిషి నిలువెత్తున ఎగరేస్తే మొలకలు నేలకు పడుకున్నాయి. రెండు నిలువుల ఎత్తున కొసలు వణికాయి. మూడు నిలువులు పోయాక ఆకు కదల్లేదు. కుట్టుకు ఎప్పుడూ గుడ్డ వదిలి కత్తిరించే మనిషి గనుక, దాన్ని రెట్టింపు చేసింది. ఆరు నిలువులు.

టబ్బును గోప్యా ఆటోలో వేసుకుని తండాకు తీసుకుపోయింది. పూల్‌సింగ్ ముందు పెట్టి, ఆరు నిలువుల మీద డ్రోన్‌ను నిలబెట్టింది. ఆయన చాలాసేపు మొలకలకేసి చూశాడు. కంటిమీద నమ్మకం లేక, టబ్బు పక్కన గొంతుక్కూర్చుని, చెంప మొలకల దాకా వంచి పట్టుకున్నాడు. గాలి తగల్లేదు.

"ఆరు నిలువుల కిందికి దిగితే?"

"మిషన్ నీ కాళ్లకాడ పెడ్త. నువ్వే పగలగొట్టు."

ఆయన లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "తీయి," అన్నాడు.

తొమ్మిదోనాడు మధ్యాహ్నం దాకా వాన. మూడింటికి తెరిపి ఇచ్చింది. నడిమధ్య పద్దెనిమిది గంపలు, చుట్టూ ఆడవాళ్లు. అద్దాల రవికెలు, ఎర్ర పేట్యా లంగాలు, గజ్జెలు. పూలి వాగు గట్టున మిట్ట మీద నిలబడి డ్రోన్ లేపింది. చేతిలోని తెర మీద, తొలిసారి ఆడిన ముప్పై తొమ్మిదేళ్లకు, ఆ వలయం మొత్తం కనబడింది. అది ఊపిరి తీస్తున్నట్టు విచ్చుకుంటోంది, ముడుచుకుంటోంది. ఆమె బొటనవేళ్లు మెడ గుండ్రం కుడుతున్నట్టే నడిచాయి.

అప్పుడే గద్ద వచ్చింది. అడవి వైపు నుంచి వచ్చి డ్రోన్ చుట్టూ ఒక చుట్టు తిరిగి, కాళ్లు చాపి మీదికి దూకింది. తెర ఊగిపోయింది. "దింపు అక్కా, దింపు," అన్నాడు పక్కనున్న మురళీకృష్ణ.

దింపితే గంపల మీదికే. పూలి ఎడమ పుల్లను పైకి నెట్టింది. ఇరవై మీటర్లు, నలభై, అరవై. దూకడం వచ్చినంత తేలిగ్గా గద్దకు నిట్టనిలువుగా ఎక్కడం రాదు. రెండుసార్లు రెక్కలు కొట్టి, విసుగొచ్చి, అడవిలోకి తిరిగిపోయింది. పుల్లను వదలకుండానే పూలి తెరకేసి చూసింది. ఆడేవాళ్లు అరచేయంత అయ్యారు, ఆ తర్వాత బొట్టంత. చుట్టూ తండా, తండా చుట్టూ పత్తి చేలు, చేల అంచున అడవి, వాన నీటితో మెరిసే వాగు. నడుమ మాత్రం ఆ వలయం తిరుగుతూనే ఉంది. కింద ఒక్క మొలకా ఒరగలేదు. గంపలు నెత్తిన పెట్టుకుని పిల్లలు వాగుకు నడుస్తుంటే, పై నుంచి పద్దెనిమిది పచ్చటి చుక్కలు వరసగా కదిలాయి.

నలభై నిమిషాల వీడియోను ఏడు నిమిషాలు చేయడానికి వారం పట్టింది. మురళీకృష్ణ కంప్యూటరు ముందు ఇద్దరికీ రోజూ తగువే. అతను ఒక్కో ముక్కకూ మధ్య గుండెలు, చుక్కలు, పేజీ తిరగేయడాలు పెట్టేవాడు. ఆమె వెంటనే తీయించేది.

"ఒక రవికెకు ఇన్ని లేసులు ఎవలేస్తరు తమ్మీ? తీసెయ్యి."

"అక్కా, జనం గివే అడుగుతరు."

"జనం గవి తప్ప సూడలే, గందుకే అడుగుతరు."

ఆగిన దగ్గర కత్తిరిస్తే అతుకు కనబడుతుందని, చెయ్యి లేస్తుండగానో అడుగు పడుతుండగానో కత్తిరించి అలాంటి ఇంకో కదలికకు కలిపితే కుచ్చిళ్ల కింద కుట్టు దాగినట్టు దాగుతుందని ఆమె తనంతట తానే కనిపెట్టింది. గద్ద దూకిన కుదుపును తీసేద్దామన్నాడతను. ఆమె ఒప్పుకోలేదు. అది ఉంటేనే ఆ ఎక్కడానికి అర్థం అంది.

ఆదివారం పొద్దున తండా బడి గదిలో పెద్ద టీవీ మీద వేశారు. కిటికీల్లో కూడా తలకాయలే. మొదట ఎవరికి వాళ్లు తమను వెతుక్కున్నారు. "గది నా పేట్యా", "గామె మధ్యల తప్పింది సూడు", "నువ్వు తప్పలేదా?" గద్ద దూకగానే గదంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చింది. బొమ్మ పైకి లేవడం మొదలయ్యాక మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వలయం, తండా, చేలు, వాగు. వీడియో అయిపోయింది.

"మల్ల ఎయ్," అన్నాడు పూల్‌సింగ్.

నాలుగుసార్లు వేశారు. ఆయన మురళీకృష్ణ వైపు తిరిగాడు. "తీసింది నువ్వేనా?"

"నేను కాదు నాయక్. అతికింది గూడ ఆమెనే. నేను కరెంటు బిల్లు కట్టిన, గంతే."

అందరూ నవ్వారు. తండా పెద్దలు కూర్చున్న ముందు బల్ల మీద ఆడవాళ్లెవరూ ఎన్నడూ కూర్చోలేదు. పూల్‌సింగ్ పక్కకు జరిగి, ఖాళీ అయిన చోటును అరచేత్తో తుడిచాడు.

"ఇట్ల కూసో బిడ్డా."

పూలి వెళ్లి కూర్చుంది.

"వచ్చే యేడు ఏ దిక్కు నుంచి లేపుతవ్?"

"పడమటి దిక్కు నుంచి కాకా. పొద్దు నా వెనక ఉండాలె, అద్దాలన్నీ ఒక్కసారే మెరవాలె. గందుకు ఆట నాలుగింటికి మొదలుపెట్టియ్యాలె."

పూల్‌సింగ్ వెనక్కి తిరిగి ఆడవాళ్లకేసి చూశాడు. "ఇన్నరా? నాలుగింటికి," అన్నాడు.