ఒద్దూర్ మాస్టారి ఓడిపోని జట్టు

ఒద్దూర్ మాస్టారికి ఒకటే జబ్బు. ఐస్‌ల్యాండ్ పిల్లల ఐస్ హాకీ జట్టు ఏ దేశం వెళ్ళి ఎవరితో ఆడినా ఆ మ్యాచ్ మొత్తం ఆయనకు కంఠతా వచ్చు. వస్తే రానీ, ఎవరు కాదన్నారు? దాన్ని ఎదుటివాడి చెవిలో పోయకుండా ఉండలేకపోవడమే జబ్బు. ఆయన పేరులో మొదటి రెండక్షరాలు 'ఒద్దు'. ఆకురేరి ఊళ్ళో జనం ఆయన్ని చూడగానే మనసులో అనుకునేదీ ఆ రెండక్షరాలే.

"అసలు ఆ రోజు ఏమైందంటే..." అని ఆయన అందుకున్నాడంటే దొరికినవాడు దొరికినట్టే.

ఆ జట్టు గెలిచిన సందర్భాలు బహు తక్కువ. అయినా మాస్టారి నోట 'ఓడిపోయాం' అన్న మాట విన్నవాడు ఊళ్ళో లేడు.

"ఓడిపోలేదయ్యా, టైం చాలలేదు" అనేవాడు.

"ఇంకో పది నిమిషాలుంటే గెలిచేవాళ్ళమా మాస్టారూ?"

"ఆ పది నిమిషాల్లో వాళ్ళు అలిసిపోయేవాళ్ళు కదా!"

"మరి మనవాళ్ళో?"

"మనవాళ్ళు అప్పటికే అలిసిపోయారుగా. ఇంకేం అలుస్తారు?"

ఈ మనిషితో కాపురం చేసింది సల్వోర్. ఆమె ఓర్పుకి ప్రభుత్వం ఏదైనా పతకం ఇవ్వాలని ఊళ్ళో అందరూ అనుకునేవారు గానీ, ఆమెను అడిగితే పతకం వద్దు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది చాలు అనేది. కథలన్నీ విని విని చివరికి వంటకి వాడుకోవడం మొదలుపెట్టింది. టర్కీ మ్యాచ్ మొదలయ్యేటప్పుడు బంగాళాదుంపలు పొయ్యి మీద పెడితే, రెండో విరామం దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా ఉడికేవి. హంగరీ మ్యాచ్‌కి చేప ఉడికేది. మాస్టారు ఒకరోజు మధ్యలో ఒక ముక్క మర్చిపోయి కథ త్వరగా ముగిస్తే ఆ పూట చేప పచ్చిగా మిగిలింది. "తిను. టైం చాలలేదు" అంది సల్వోర్.

మాస్టారు బడిలో భూగోళం చెప్పేవాడు. సెలవుల్లో జట్టుకి మేనేజరుగా వెళ్ళేవాడు. అక్కడ చూసింది ఇక్కడ పాఠమయ్యేది. "బల్గేరియా రాజధాని ఏది?" అని ఇన్‌స్పెక్టరు అడిగితే, క్లాసు క్లాసంతా లేచి, "రాజధాని తెలీదు గానీ అక్కడి హాకీ హాలు పైకప్పు కారుతుందండీ!" అని ముక్తకంఠంతో చెప్పింది.

చావు భోజనాలూ ఆయనకు అడ్డు కాలేదు. సల్వోర్ పెద్దమ్మ పోయినప్పుడు, ఖననమయ్యాక అందరూ కాఫీకి చేరారు. పాస్టరుగారు పొగబెట్టిన మాంసం పెట్టిన రొట్టెముక్క చేతిలో పట్టుకుని, "ఆమె కడదాకా పోరాడింది" అన్నారు పాపం, మామూలుగా. అంతే.

"కడదాకా పోరాడడమంటే గుర్తొచ్చింది" అన్నాడు మాస్టారు.

పాస్టరుగారి చేతిలో రొట్టె ఎండిపోయింది. పెద్దమ్మ చెల్లెలు ఏడుపు ఆపి, "ఆ తర్వాతైనా గెలిచారా?" అని అడిగింది. సల్వోర్ తల దించుకుని కుర్చీలోకి కుంగిపోయింది.

పళ్ళ డాక్టరు పాట్లయితే మరీ. నోరు తెరవమని మాస్టారికి చెప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు, మూయించడమే గండం. పుచ్చినది ఏ పన్నయినా డాక్టరు ముందుగా నాలుకకి మత్తిచ్చేవాడు. అప్పుడు మాస్టారు చేతులతో చెప్పేవాడు. ఒకసారి గోల్ చూపించబోతే పళ్ళెంలో సామానంతా గోడకు తగిలింది.

అన్నిటికన్నా పెద్ద వల ఊరి ఈతకొలనులో ఉండేది. ఆరుబయట వేడినీళ్ళ తొట్టి. చుట్టూ మోకాలి లోతు మంచు. తొట్టిలో దిగినవాడు పైకి లేస్తే గడ్డకట్టాలి, కూర్చుంటే కథ వినాలి. మాస్టారు సరిగ్గా మెట్ల దగ్గర కూర్చునేవాడు. చాలామంది రొయ్యల్లా ఎర్రబడి, చివరికి చలే నయమని తడి కాళ్ళతో మంచులో పరిగెత్తేవారు.

పరిగెత్తనివాడు ఒక్కడే. కెతిల్ అని, నీళ్ళ గొట్టాలు బాగుచేసే మనిషి. వయసు నలభై దాటింది. ఉలుకూ పలుకూ లేదు. రోజూ వచ్చి మాస్టారి పక్కనే కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా విని, తల ఊపి వెళ్ళిపోయేవాడు. "పాపం, అతనికి చెవుడు" అని ఊరంతా జాలిపడేది. సల్వోర్ అయితే అసూయపడేది.

ఇలా ఉండగా ఆ చలికాలం రేడియో నుంచి ఫోను వచ్చింది. పిల్లల జట్టు చరిత్ర మీద కార్యక్రమం చేస్తున్నారట. మాస్టారి మాటలు రికార్డు చేసుకోవడానికి రాజధాని నుంచి స్నైదిస్ అనే అమ్మాయి వస్తుందట.

సల్వోర్ ఫోను పెట్టేసి అక్కడే కుర్చీలో కూలబడింది.

"ఏమైంది?" అన్నాడు మాస్టారు కంగారుగా.

"నీ కథ వినడానికి ఒక మనిషి విమానమెక్కి వస్తోంది. కావాలని! వాళ్ళ ఖర్చుతో!"

ఆమె ఆనందానికి కారణం ఉంది. ఒక్కసారి దేశం మొత్తానికీ చెప్పేస్తే ఇక చెప్పడానికి కొత్తవాడెవడూ మిగలడు. మిగతా జీవితం ప్రశాంతంగా ఊలు అల్లుకోవచ్చు. అందుకని ఆ అమ్మాయి రాగానే వేడివేడి క్లైనూర్లు వేయించిపెట్టింది. మెలితిప్పి నూనెలో వేయించిన ఆ పిండివంట తింటూ స్నైదిస్, "మీరు రోజూ ఎక్కడ చెబుతారో అక్కడే రికార్డు చేద్దాం మాస్టారూ. సహజంగా ఉంటుంది" అంది.

ముగ్గురూ తొట్టిలోకి దిగారు. మైకుకి ప్లాస్టిక్ సంచీ తొడిగారు. కెతిల్ ఎప్పటిలాగే తన మూల ఉన్నాడు. మైకు చూసి లేచి వెళ్ళబోయి, మళ్ళీ ఎందుకో కూర్చున్నాడు.

మాస్టారు రెచ్చిపోయాడు. ఒక దేశం తర్వాత ఒక దేశం. ఒక చోట సామాన్లు రాక అమ్మాయిల స్కేటింగ్ బూట్లతో ఆడారు. ఇంకోచోట జాతీయగీతం తప్పు వేస్తే, ఎవరిదో తెలియకపోయినా మర్యాదకి పూర్తిగా నిలబడి విన్నారు. స్నైదిస్ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. సల్వోర్‌కి కొంచెం గర్వంగా కూడా అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే చిరాకేసింది.

"ఇప్పుడు బల్గేరియా మ్యాచ్ గురించి చెప్పండి. అన్నిటికన్నా ఘోరంగా ఓడింది అక్కడే కదా?" అంది స్నైదిస్.

"ఓడిపోలేదమ్మా, టైం..."

"ఆ రోజు గోల్‌కీపరు ఎవరు మాస్టారూ? ఆయన్ని కలిస్తే కార్యక్రమం అదిరిపోతుంది. అన్ని గోల్స్ వదిలేసిన మనిషి ఇప్పుడేం చేస్తున్నాడో వినడానికి జనం చెవులు కోసుకుంటారు."

మాస్టారి నోరు మూతపడింది. డాక్టరు సూదికి లొంగని నోరు అది!

"గుర్తులేదు" అన్నాడు.

సల్వోర్ కాలు జారి ఒక గుటక వేడినీళ్ళు మింగింది. "ఏమిటీ?"

"గుర్తులేదే. వయసు మీద పడింది."

"ఆ రోజు రెఫరీ మేజోళ్ళ రంగేంటి?" అని నిలదీసింది సల్వోర్.

"ఎరుపు. ఎడమదానికి చిల్లు."

"పిల్లలకి ఏం పెట్టారు?"

"బీట్‌రూట్ సూపు. ఉప్పు తక్కువ."

"గోల్‌కీపరు?"

"అసలు... ఆ రోజు మాకు గోల్‌కీపరు లేడనుకుంటా."

"గోల్‌కీపరు లేకుండా హాకీ ఎలా ఆడతారయ్యా!" సల్వోర్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఇన్నేళ్ళూ వద్దు మొర్రో అన్నవాళ్ళని పట్టుకుని చెప్పావు. పాస్టరుకి చెప్పావు, పీనుగుకి చెప్పావు! ఇవాళ వింటానని ఒక పిల్ల మైకు పట్టుకుని కూర్చుంటే మతిమరుపు వచ్చిందా? పోనీ నేను చెబుతానుండు, నాకూ కంఠతా వచ్చు. ఆ రోజు గోల్‌కీపరు... గోల్‌కీపరు..."

ఆగిపోయింది. కొన్ని వందలసార్లు విన్న కథ. పైకప్పు నుంచి చుక్కలు ఎక్కడ పడేవో కూడా తెలుసు. ఆ పేరు మాత్రం రావడం లేదు. ఎంత వెతికినా రాలేదు. ఎందుకంటే మాస్టారు ఎన్నడూ చెప్పలేదు.

ఇంతలో నీళ్ళ అడుగున ఆమె పిక్క మీద ఒక తన్ను పడింది.

"ఎందుకు తంతున్నావ్?" అంది సల్వోర్ గట్టిగా, మైకులోకే.

మాస్టారు ఆకాశం వంక చూశాడు. స్నైదిస్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నేనే" అన్నారెవరో.

అందరూ తిరిగారు. కెతిల్.

"గోల్‌కీపర్ని నేనే. మాస్టారి మతి బాగానే ఉంది" అన్నాడు.

"నీకు వినబడుతుందా?" అంది సల్వోర్.

"అన్నీ వినబడతాయి."

"అయ్యో, నీకేం ఖర్మ! మరి రోజూ ఎందుకు కూర్చుంటావయ్యా?"

కెతిల్ మెల్లగా చెప్పాడు. అంత పొడుగు మాట అతని నోట ఊళ్ళో ఎవరూ విని ఉండరు. అప్పుడతనికి మీసం కూడా రాలేదు. మ్యాచ్ అయ్యాక విమానాశ్రయానికి వెళ్ళే బస్సులో వెనక సీట్లో ఒంటరిగా కూర్చున్నాడు. స్కేట్లు కిటికీలోంచి విసిరేద్దామని చేతిలో పట్టుకున్నాడు. మాస్టారు వచ్చి పక్కన కూలబడి, అతన్ని ఒక్క మాటా అడక్కుండా, అంతకుముందు జట్టు ఓడిన మ్యాచ్‌లన్నీ ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. బస్సులో చెప్పాడు, విమానంలో చెప్పాడు.

"ఇంటికొచ్చేసరికి, ఇంతమంది ఓడారా, నేను మొదటివాణ్ణి కాదన్నమాట అనిపించింది. కానీ మర్నాడు బడికి వెళ్ళాలంటే భయం. అందరూ ఏడిపిస్తారని. క్లాసులోకి వెళ్ళేసరికి ఈయన అప్పటికే కారే పైకప్పు కథ చెబుతున్నాడు. ఎర్ర మేజోళ్ళు, ఉప్పులేని సూపు. పిల్లలందరూ పైకప్పు గురించి నవ్వారు. నా గురించి అడగడం మర్చిపోయారు. ఆ తర్వాత ఎవడైనా 'ఆ బల్గేరియా మ్యాచ్‌లో గోల్‌కీపరు' అని నోరు తెరిస్తే చాలు, ఈయన ముందే అందుకునేవాడు. పెళ్ళిళ్ళలో, దుకాణాల్లో, ఇక్కడ కూడా. నా మాట ఎత్తడానికి ఊళ్ళో ఎవడికీ సందు దొరకలేదు."

"అదేం కాదు" అన్నాడు మాస్టారు మొహం ఎర్రగా చేసుకుని. "నాకు మాట్లాడడం ఇష్టం, అంతే."

నీళ్ళలోంచి ఆవిరి లేస్తోంది. సల్వోర్ భర్త వైపు తిరిగింది.

"అంటే నా చెవుల్ని గోల్‌పోస్టు చేసి ఈ పిల్లాణ్ణి కాపాడావన్నమాట! ఒక్క ముక్క నాతో చెబితే నీ సొమ్మేం పోయేది? చెబితే నేనూ వినేదాన్ని కదా, కనీసం దూది తీసి!"

"చెబితే నువ్వు అతన్ని చూసి జాలిపడేదానివి. జాలిపడితే క్లైనూర్లు పంపేదానివి. క్లైనూర్లు ఎందుకొచ్చాయని అతను ఆలోచించేవాడు" అన్నాడు మాస్టారు.

ఆయన చెప్పింది నిజమే కావడం ఆమెకు అన్నిటికన్నా మంటగా ఉంది.

కెతిల్ నవ్వుతున్నాడు. "వేసుకో అమ్మాయ్, నా పేరు వేసుకో. నలభై దాటాక కూడా దాక్కుంటే బాగుండదు. మా అమ్మాయి కూడా ఇప్పుడు గోల్‌కీపరే. దానికీ తెలియాలి."

స్నైదిస్ మైకు అతని దగ్గరికి జరిపింది. "ఆ రోజు మొత్తం ఎన్ని గోల్స్ పడ్డాయి?"

"పదిహేడు" అన్నాడు కెతిల్.

"పదహారు" అన్నాడు మాస్టారు.

"పదిహేడు మాస్టారూ. బోర్డు మీద కూడా అదే ఉంది."

"బోర్డు అబద్ధం. పదకొండోది గోల్ కాదు. వల పక్కన చిరిగింది, పక్ బిళ్ళ ఆ చిరుగులోంచి దూరింది."

"నా కాళ్ళ మధ్యలోంచి దూరింది. నేను చూశాను."

"నువ్వు అప్పుడు పైకప్పు వంక చూస్తున్నావు. నీ కంట్లో నీళ్ళచుక్క పడింది. నీకేం తెలుసు?"

"గోల్ వదిలిందే నేనైతే నాకేం తెలుసంటారేంటి!"

స్నైదిస్‌కి ఏం చెయ్యాలో తోచక సల్వోర్ వైపు చూసింది. సల్వోర్ నుదుటి మీది తడి జుట్టు వెనక్కి తోసుకుని, విసుగ్గా మైకు తన చేతిలోకి తీసుకుంది.

"పదహారేనమ్మా. నిక్షేపంగా పదహారే వేసుకో. ఆ వల ఎంత చిరిగిందో నాకు తెలుసు."