నలభై మీటర్ల తీగ

వెంకటేశం సారుకు లెక్కలంటే ప్రాణం, లెక్కలు చెప్పే కాలేజీ అంటే రోత. పటాన్‌చెరులోని ఆ ప్రైవేటు ఇంటర్ కాలేజీలో పొద్దున్నే స్టడీ అవర్ మొదలవగానే ముప్ఫై మంది పిల్లలు లెక్కల్ని గొంతెత్తి వల్లెవేస్తారు. "ఈక్వల్ టు జీరో, దేర్‌ఫోర్..." అని రాగం తీస్తారు. ఎందుకు సున్నా చేశారో ఒక్కరికీ తెలియదు, అడిగితే చెప్పే తీరిక ఎవరికీ లేదు. అది వినపడకుండా ఆయన స్టాఫ్ రూము తలుపు మూసుకునేవాడు.

ఇంకా సిగ్గుచేటేమిటంటే, వాళ్లు వల్లెవేసే మెటీరియల్ రాసింది ఆయనే. వారంలో కావాలని ప్రిన్సిపాల్ రాకేష్ నెత్తిమీద కూర్చుంటే గబగబా రాసిపారేశాడు. మళ్లీ ఎవరూ సరిచూడలేదు.

యూనిట్ టెస్టులో అందులోని లెక్కే ఇచ్చారు. నలభై మీటర్ల తీగతో దీర్ఘచతురస్రపు మడికి ఒక వరస కంచె వేయాలి. లోపల ఎక్కువ జాగా రావాలంటే పక్కలెంత ఉండాలి? ఇరవై తొమ్మిది మంది ఇరవై, ఇరవై అని రాశారు. లక్డారం నుంచి వచ్చే అంకిత ఒక్కతే పది, పది అని రాసింది. జవాబుల కీలో ఇరవై ఉంది. వెంకటేశం చదవకుండానే ఆమె జవాబు మీద ఎర్రగీత లాగేశాడు.

పేపర్లు ఇచ్చిన రోజే అంకిత స్టాఫ్ రూముకు వచ్చింది.

"నేనేడ తప్పు జేసిన సార్? మా నాయన కూరగాయల మడికి కంచె ఏస్తుంటే తీగ పట్టిన. నాలుగు దిక్కుల ఇరవై అంటే ఎనభై మీటర్లు గావాలె గద? నాకు లెక్కలు అర్థమైతయో లేదో గిప్పుడే తేల్చుకుందామని వచ్చిన. కాకుంటే గ్రూపు మారుత."

వెంకటేశం కాగితం తీసి మెట్టు మెట్టుగా చేశాడు. చుట్టుకొలత నలభై కాబట్టి పొడవూ వెడల్పూ కలిపి ఇరవై. ఒకటి x అయితే రెండోది 20 − x. వైశాల్యం 20x − x². అవకలనం చేస్తే 20 − 2x. అది సున్నా కావాలంటే x పది. మెటీరియల్లో ఆయన రెండో పక్కను 40 − x అని రాసిపెట్టాడు, సగం చేయడం మరిచి.

"నీదే రైటు బిడ్డా. రేపు క్లాసుల అందరికీ చెప్త."

ఆ సంగతి విని రాకేష్ కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"మన మెటీరియల్ తప్పని మీరే చెప్తరా సార్? ఆరు బ్రాంచీలకు పోయింది. అడ్మిషన్ల టైంల ఇజ్జత్ తీస్తరా? ఆ పిల్లనే మెటీరియల్ల ఉన్నట్టు రాయమనుండ్రి."

మర్నాడు అంకిత ముందు బెంచీలో కూర్చుని ఆయన ముఖమే చూసింది. ఆయన సుద్దముక్క పట్టుకుని, వెనక్కి తిరిగి, తరువాతి చాప్టర్ పేరు రాశాడు. వల్లెవేతను అసహ్యించుకున్న పెద్దమనిషి కంచె లెక్క ఊసెత్తకుండానే ఆ గంట పాఠం ముగించాడు.

ప్రీఫైనల్లో మళ్లీ అదే లెక్క పడింది. వెంకటేశం ముందుగా అంకిత పేపరే వెతికి తీశాడు. కుదురైన అక్షరాలతో ప్రతి మెట్టూ మెటీరియల్లో ఉన్నట్టే ఉంది. చివర ఇరవై, ఇరవై. పక్కన పెన్సిలుతో పది అని రాసి చెరిపిన మరక. కీ ప్రకారం పూర్తి మార్కులు వేశాడు. వేసిన చేతిని చూసుకుంటే ఆయనకే అసహ్యం పుట్టింది.

పేపరు అందుకుని అంకిత సంతోషంగా నవ్వింది.

"ఈసారి తప్పు జెయ్యలే గద సార్?"