మెడదాకా బొత్తాలు

ఆ చొక్కాల కంపెనీలో ఎవరినీ సొంత పేరుతో పిలవరు. ఎవరు ఏ ముక్క కుడితే అదే వాళ్ళ పేరు. జేబులు కుట్టే ఆవిడ జేబక్క, చేతులు కుట్టే ఆవిడ చేతులక్క. మన అమ్మాయి కాలరు. పెళ్ళికి ముందు నుంచీ కాలర్లే కుడుతోంది, నిండు చొక్కా ఒక్కటి కుట్టమంటే మాత్రం నీళ్ళు నములుతుంది.

కాన్పు సెలవు అయిపోయి మళ్ళీ మిషను ముందు కూర్చున్నప్పటి నుంచీ ఆమె బతుకంతా మధ్యాహ్నం గంట చుట్టూనే తిరిగేది. గంట కొట్టగానే గేటు దగ్గరికి ఒకటే పరుగు. అత్తగారు బుజ్జిగాణ్ణి చంకనేసుకుని అప్పటికే ఎండలో నిలబడి ఉండేది. వాచ్‌మన్ గది పక్కన బల్ల మీద కూర్చుని పాలివ్వాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఈ అమ్మ అడక్కముందే పెడతానన్నా, చాటు ఏదీ? ఎదురుగా లారీలు, సరుకెత్తే మగవాళ్ళు. వాచ్‌మన్ బాబాయ్ మర్యాదస్తుడు, ఆమె రాగానే కుర్చీ రోడ్డు వైపు తిప్పుకునేవాడు. ఆ బుద్ధి అందరికీ ఉండొద్దూ! మొదటి రోజే ఎవడో లారీ మీంచి ఈల వేశాడు. ఆమె పాలు సగంలోనే మాన్పించి, ఏడుపు దిగమింగుకుని లోపలికి వెళ్ళిపోయింది. బుజ్జిగాడు అర్ధాకలితో ఇంటికి పోయాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే పాత నీలం దుప్పటి కత్తిరించి ఒక ముసుగు కుట్టుకుంది. చేతనయింది కాలరే కాబట్టి దానికీ కాలరే పెట్టింది, మెడదాకా బొత్తాలతో. బొత్తాలన్నీ పెట్టుకుంటే లోపల ఏం జరుగుతోందో దేవుడికి కూడా కనబడదు.

మర్నాడు గేటు దగ్గర జేబక్క చూసి నవ్వింది. "ఒసేయ్ కాలరూ, మెడ దగ్గర కాస్త సందు వదలవే. బిడ్డ మొహం నీకు కనబడొద్దూ? నీ మొహం వాడికి కనబడొద్దూ?"

"సందు ఉంటే లారీ మీది వాళ్ళకీ కనబడుతుందక్కా."

మాట నిజమే. మనుషుల చూపులు అలా ఏడ్చాయి.

ఇల్లు చూస్తే ఒక్కటే గది. మామగారు, మరిది, అందరూ అందులోనే. కాబట్టి ఇంట్లోనూ ఆ ముసుగే. అది బిడ్డతో పాటే గేటుకి వచ్చేది, బిడ్డతో పాటే ఇంటికి పోయేది. బుజ్జిగాడు ఎప్పుడు పాలు తాగినా ఆ నీలం చీకట్లోనే. తాగుతూ తాగుతూ కాలివేళ్ళతో ఆమె పొట్టని తన్నేవాడు. ఆ తన్నులు తలుచుకుంటూ మిగతా పూటంతా ఎన్ని కాలర్లయినా కుట్టేసేది. పగలు మొత్తానికి కొడుకు తనకి దక్కేది ఆ కాసేపే. అందుకే ఎవరెన్ని చెప్పినా ఇంట్లో సీసా మాట ఎత్తనిచ్చేది కాదు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు గేటు దగ్గర వాడు రొమ్ము అందుకోలేదు. మర్నాడూ అంతే. రాత్రిళ్ళు కూడా ఏదో అరకొరగా తాగి వదిలేసేవాడు.

"ఎండకి ఆకలి చచ్చిందేమోలే అమ్మాయ్," అంది అత్తగారు ఎటో చూస్తూ.

ఆమెకి ఒకటే ఆలోచన. వాడికిక తన అవసరం లేదా? పాలు గడ్డకట్టాయి, జ్వరం ముంచుకొచ్చింది. రవిక తడిసిపోయి మిషను మీద వాలిపోతే, జేబక్కే సూపర్‌వైజర్‌తో పోట్లాడి ఇంటికి పంపింది.

తలుపు తీసే ఉంది. లోపల గోడకి ఆనుకుని ఎవరో కూర్చున్నారు, నీలం ముసుగు మెడదాకా బొత్తాలు పెట్టుకుని. కింద నుంచి రెండు చిన్న పాదాలు. గుటకల చప్పుడు. ఒక్క క్షణం తనని తానే చూసుకుంటున్నట్టు అనిపించింది ఆమెకి.

అత్తగారు. ముసుగు కింద పాలసీసా.

ఇల్లెగిరిపోయేలా పోట్లాడాల్సింది. గడప దగ్గరే ఆగిపోయింది.

"కోప్పడకే తల్లీ," అంది అత్తగారు. "దారిలో ఎండకి వాడు కమిలిపోతున్నాడు, గుక్కపట్టి ఏడుస్తున్నాడు. బయల్దేరే ముందే సీసా పెడితే ఉమ్మేశాడు. జోకొట్టినా వినలేదు. ఏం చెయ్యను? నీ ముసుగు వేసుకున్నాను. అంతే, నువ్వే అనుకుని తాగేశాడు. చెబితే బాధపడతావని..."

ఆవిడ ఓదార్పుగానే అంది. 'నువ్వే అనుకుని' అన్న ఆ ఒక్క మాటే కోడలికి వినబడింది.

బిడ్డను లాక్కుంది. పట్టపగలు, తలుపు బార్లా తెరిచి ఉండగా, ముసుగు లేకుండా రవిక విప్పింది. వాడు ఆమె మొహంలోకి చూశాడు. పాల దగ్గర ఆ మొహం వాడికి కొత్త. పెదవి విరిచాడు. అత్తగారి ఒంటి మీది నీలం గుడ్డ వైపు చేతులు చాచి ఏడ్చాడు.

అత్తగారు ముసుగు తీసి కోడలికి తొడిగింది. బొత్తాలన్నీ ఒక్కొక్కటీ పెట్టింది. లోపల ఏడుపు ఆగింది. తడుముకుంటూ వచ్చి నోరు పెట్టాడు. గడ్డకట్టిన పాలు దిగుతుంటే ప్రాణం పోయేంత నొప్పి. అయినా ఆమె కదల్లేదు.

కాసేపటికి పై బొత్తాలు రెండు తీసి లోపలికి తొంగి చూసింది. వెలుగు పడగానే వాడు తాగడం ఆపి, కళ్ళు గట్టిగా మూసుకుని మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

ఆమె మళ్ళీ బొత్తాలు పెట్టేసుకుంది.