తడి లేని ఇల్లు

ఆమెను ఆ వీధుల్లో అందరూ దోమలక్క అంటారు. ఆరోగ్య విభాగంలో ఇంటింటికీ తిరిగే ఉద్యోగం, పదకొండేళ్లుగా అదే పని. భుజాన సంచి, సంచిలో టార్చిలైటు, పొడవాటి కాడ ఉన్న తెల్ల గరిటె, ఒక సుద్దముక్క. గడప దాటగానే మనుషుల మొహాలు చూడదు, మూలలు చూస్తుంది.

“మా ఇంట్లో దోమల్లేవక్కా, చూసుకో,” అంటారు ఇంటివాళ్లు ధీమాగా.

“దోమలు పక్కింటికి పోయుంటాయిలే తల్లీ. పిల్లల్నేమో మీ దగ్గర వదిలి పోయాయి,” అంటూ డ్రమ్ము మూత తీస్తుంది.

మూత తీశాక వెంటనే గరిటె ముంచదు. నీళ్ల మీద మనిషి నీడ పడితే చాలు, లార్వాలన్నీ ఒక్కసారిగా అడుక్కి జారిపోతాయి. ఊపిరి కోసం మళ్లీ పైకి రాక తప్పదు కాబట్టి అందాకా ఆగుతుంది. అలా డ్రమ్ము మీదికి వంగి, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడిన ఆమెను చూస్తే ఇంటివాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. “నీళ్లలో ఎవరినైనా పిలుస్తున్నావా ఏంటక్కా?” అని ఒకావిడ అడిగేసింది కూడా. దోమలక్క నవ్వలేదు. ముందు ఒకటి వస్తుంది, తర్వాత నాలుగు, తర్వాత లెక్కలేనన్ని. తోక చివరి సన్నటి గొట్టాన్ని నీటి పైకి ఆనించి, తల కిందికి వేలాడేసి, చప్పుడు లేకుండా ఊపిరి పీలుస్తాయి. అప్పుడు గరిటె ముంచుతుంది.

ఈ ఏడాది వానలకు ముందు ఆమెకు కొత్త వీధులు అప్పగించారు. రెండో రోజు మధ్యాహ్నం, వరసలో చివరి ఇల్లు. తలుపు కొట్టకముందే తెరుచుకుంది. యాభై దాటిన ఆడమనిషి. జుట్టు బాగా పొట్టిగా కత్తిరించుకుంది, చెంపలు లోపలికి పీక్కుపోయాయి. “రండి” అని పక్కకు తప్పుకుంది.

లోపల అడుగు పెట్టగానే దోమలక్క నాలుక పిడచకట్టుకుపోయింది. ఆ ఇంట్లో ఎక్కడా తడి లేదు. వంటగదిలో గ్లాసులు, గిన్నెలు, చెంబులు అన్నీ బోర్లించి ఉన్నాయి. సింకు తూము మీద పళ్లెం, పళ్లెం మీద రాయి. స్నానాలగదిలో రెండు బకెట్లు గోడవైపు తిరిగి బోర్లా పడి ఉన్నాయి. నీళ్లు పోయే కన్నానికి గుడ్డ కుక్కి ఉంది. ఒక మొక్క లేదు, ఒక పూలకుండీ లేదు. తాగే నీళ్లు మాత్రం బిరడా బిగించిన ఒకే ఒక్క సీసాలో ఉన్నాయి.

ఆవిడ ఒక్క అడుగు వెనక, చప్పుడు చేయకుండా వెంట వస్తోంది.

“అది చూశారా?”

“చూశానండీ, పొడిగా ఉంది.”

“మళ్లీ చూడండి.”

మూడుసార్లు తిప్పింది. దోమలక్క బయటికొచ్చి, తనిఖీ చేసిన గుర్తుగా గోడ మీద తేదీ వేయబోయి ఆగిపోయింది. తలుపు పక్కన గోడంతా పెన్సిలుతో వేసిన తేదీలు. ఒక్క రోజు కూడా వదలకుండా, నేల దగ్గర నుంచి మనిషి ఎత్తు దాకా, చీమలబారుల్లా.

“రోజూ నేనే చూసుకుంటా. మీరూ వారం వారం రండి,” అంది ఆవిడ. తలుపు మూస్తూ గొంతు తగ్గించి, “తప్పకుండా రా, చెల్లీ,” అంది.

ఆ ‘చెల్లీ’ దగ్గర దోమలక్క ఆ గొంతును గుర్తుపట్టింది. మెట్ల మీదే కూలబడింది.

పన్నెండేళ్ల కిందట ఈ ఇద్దరివీ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇళ్లు. దోమలక్క అప్పుడు ఇంట్లో కూర్చుని చొక్కాలకు గుండీలు కుట్టేది. కిటికీలో గాజుసీసా పెట్టి, నీళ్లు పోసి, అందులో ఒక తీగ కొమ్మ వేసింది. కొన్నాళ్లకు నీళ్లలో సన్నగా ఏవో మెలికలు తిరగసాగాయి. పక్కింటి అక్కకు ఏడేళ్ల కూతురు. బడి నుంచి రాగానే కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చేది.

“పిన్నీ, ఇవేంటి?”

“చేపపిల్లలు. పెద్దయ్యాక నీకు రెండిస్తాలే.”

పాప రోజూ సీసాకు ముక్కు ఆనించి చూసేది. వేలితో గాజు మీద తట్టేది. అవి గభాలున మునిగిపోతే కిలకిలా నవ్వేది. ఆ నెలలోనే పాపకు జ్వరం వచ్చింది. ఆరో రోజున ఆసుపత్రిలోనే పోయింది. ఆ మర్నాడు వీధిలోకి తనిఖీవాళ్లు వచ్చి, తెల్లపళ్లెంలో నీళ్లు పోసి, జ్వరం మోసే దోమల పిల్లలు ఇవేనని అందరికీ చూపించారు. దోమలక్క ఆ పళ్లెంలోకి చూసింది. ఇంట్లోకి వెళ్లి సీసా తూములో ఒంపేసి, సీసాను పగలగొట్టింది. ఎవరికీ చెప్పలేదు. పక్కింటివాళ్లు నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేశారు. ఏడాదికి ఆమె ఈ ఉద్యోగంలో చేరింది. ఎందుకు చేరావంటే, కాలక్షేపానికి అనేది.

రెండో వారం వెళ్లింది. మూడో వారమూ వెళ్లింది. ఇద్దరూ పాత సంగతి ఎత్తలేదు. గదులన్నీ తిరుగుతున్నంతసేపూ వెనక నుంచి ఆవిడ ఊపిరి వినపడుతూనే ఉంది. మూడో వారం బకెట్ల దగ్గర ఆవిడ అడిగింది:

“గుడ్లు ఎన్నాళ్లుంటాయి?”

“తడి లేకపోయినా నెలల తరబడి గిన్నె గోడకు అంటుకునే ఉంటాయి. నీళ్లు తగిలాయా, లేస్తాయి. అందుకే బోర్లిస్తే చాలదు. పీచు పెట్టి గట్టిగా రుద్దాలి.”

ఆవిడ బకెట్ల మీంచి తలెత్తింది. “అయితే ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నాయా?” అంటూ ఇల్లంతా కలయజూసింది. బోర్లించిన ప్రతి గిన్నె కిందా ఏదో కాచుకుని ఉన్నట్టు చూసింది. తర్వాత నేల మీద కూర్చుని, బకెట్ ఒళ్లోకి లాక్కుని రుద్దడం మొదలుపెట్టింది. దోమలక్క కూడా కొంగు దోపుకుని రెండో బకెట్ అందుకుంది. అడుగు రుద్దుతూనే అడిగింది:

“అక్కా, నన్ను గుర్తుపట్టావుగా?”

“తలుపు తీసినప్పుడే.”

“మా సీసాలో పాప చూసేవి చేపపిల్లలు కాదక్కా.”

పీచు ఆగలేదు. ఆవిడ తలెత్తలేదు.

“తెలుసు. ఆ సీసా సంగతి పాప చెప్పింది. పిన్ని దగ్గరున్న చేపపిల్లలు మన కూలర్‌లో కూడా ఉన్నాయమ్మా, రా, చూపిస్తా అని నా చెయ్యి పట్టి లాగింది. పనిలో ఉన్నాను, సరేలే పో అన్నాను.” బకెట్‌ను వెలుతురు వైపు తిప్పి లోపలికి చూసింది. “నీ సీసాలోదో, నా కూలర్‌లోదో. ఆ దోమ కుట్టి ఎగిరిపోయింది. ఎవరినడుగుతాం?”

దోమలక్క ఏడ్చింది. ఆవిడ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. వంటగదిలోంచి ఒక గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టింది.

ఆ తర్వాత కూడా వారం వారం తనిఖీ సాగింది. వానలు వెలిశాక ఒక పొద్దున కబురొచ్చింది, వెంటనే రమ్మని. వెళ్లేసరికి ఆవిడ ఎర్రటి ఎండలో గేటు పట్టుకుని నిలబడి ఉంది. గేటు ఇనప గొట్టాలతో చేసింది. ఒక గొట్టానికి పైన మూత ఊడిపోయి, లోపల వాననీళ్లు అంచుదాకా నిలిచాయి.

“రోజూ దీని మీదే చెయ్యి వేసి తీస్తున్నా. చూడు.”

దోమలక్క గొట్టం పక్కన నీడ పడకుండా నిలబడి టార్చి వేసింది. చాలాసేపటికి చీకట్లోంచి ఒక్కొక్కటే పైకి లేచాయి. ఇద్దరూ కలిసి గొట్టంలోకి ఇసుక పోశారు. ఇసుక దిగేకొద్దీ నీళ్లు పొంగి, గేటు మీదుగా జారి, కాలుతున్న సిమెంటు మీద పరుచుకున్నాయి. ఆ తడిలో ఎనిమిదో తొమ్మిదో మెలికలు తిరుగుతున్నాయి. తడి అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చింది. ఆఖరిది ఆగేదాకా ఇద్దరూ అక్కడి నుంచి కదల్లేదు.

“ఎండగా ఉంది. లోపలికి రా, చెల్లీ,” అంది ఆవిడ.