చప్పుడు లేని మోటారు

జూపార్కు పక్కనున్న చెరువులో నేను బోటు నడుపుతాను. సర్కారు కొలువే, కాకపోతే కాంట్రాక్టు మీద. ఇల్లు హుస్సేనీ ఆలంలో, ఒక పాత ఇంటి మేడ మీది వాటా. నా భార్య సిటీ బస్సులో కండక్టరు. పొద్దున ఇద్దరం కలిసే బయటపడతాం. ఆమె డిపోకు, నేను చెరువుకు. సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి గొంతు పోయి ఉంటుంది. రోజంతా "ముందుకు జరుగున్రి, ముందుకు జరుగున్రి" అని అరిచి వచ్చిన మనిషి, ఇంట్లో సగం మాటలు సైగలతోనే కానిచ్చేది. నేను చేరేసరికి నా చెవులు పోయి ఉండేవి.

ఆ రోజుల్లో మా బోట్లకు పాత టూ స్ట్రోక్ మోటార్లు ఉండేవి. బోటు వెనక అంచుకు బిగించే మోటారు అది. పైన ఇంజను, కింద నీళ్లలో మునిగి తిరిగే రెక్కలు. పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. తాడు పట్టి గట్టిగా లాగితే స్టార్టవుతుంది, అదీ దానికి మనసైతే. నీలం రంగు పొగ వదిలేది. వెనక నుంచి గాలి వీస్తే ఆ పొగంతా కూర్చున్నవాళ్ల ముఖాలకే కొట్టేది. చప్పుడు ఎంతంటే, ముందు సీట్లో ఉన్నవాళ్లకు లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోమని చెప్పాలన్నా గొంతు చించుకోవాలి. ఇంటికొచ్చాక కూడా చెవుల్లో ఆ హోరు తగ్గేది కాదు. అందుకని ఇంట్లోనూ అరిచే మాట్లాడేవాడిని. ఒకసారి కింది వాటాలో ఉండే పెద్దమ్మ మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏం లొల్లి బిడ్డా, ఏమైంది?"

"లొల్లి ఏం లేదు పెద్దమ్మా. చాయ్ అడుగుతున్నడు" అని నా భార్య గొంతు పెగల్చుకుని చెప్పింది.

దాన్ని తలచుకుని చాలాకాలం నవ్వుకున్నాం. నవ్వు రాని సంగతి ఆ తర్వాత జరిగింది.

ఎండాకాలం చివర, ఒక మధ్యాహ్నం. ఆకాశం మామూలుగానే ఉంది. ఒక కుటుంబం ఎక్కింది. బురఖాలు వేసుకున్న ఇద్దరు ఆడవాళ్లు, ముగ్గురు పిల్లలు, వాళ్ల నాయనమ్మ. చెరువు మధ్య దాకా వెళ్లి మలుపు తీసుకుంటుండగా ఒక్కసారిగా ఈదురుగాలి లేచింది. నీళ్లు నల్లబడి అలలు మొదలయ్యాయి. తిరిగి వెళ్దామని వేగం పెంచాను. మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

తాడు లాగాను. లాగాను, మళ్లీ లాగాను. ప్లగ్గు నల్లగా మసి పట్టి ఉంటుందని తెలుసు, విప్పి తుడిచే తీరిక గాలి ఇవ్వడం లేదు. లంగరు వేస్తే అడుగున మెత్తటి బురద, పట్టు దొరకలేదు. బోటు పక్కవాటుగా తిరిగి, కట్ట రాళ్ల వైపు కొట్టుకుపోతోంది. రాళ్లకు తగిలితే ఫైబరు బోటు ఏమవుతుందో నాకు తెలుసు. పిల్లల్లో చిన్నది ఏడుపు అందుకుంది. నా భుజం మండుతోంది. అప్పుడు చూసుకున్నాను, నా చేతులు వణుకుతున్నాయి. తాడు పిడి చేతిలో నిలవడం లేదు.

నాయనమ్మ నన్నే చూస్తోంది. ఆమె ముందుకు వంగి నా మోచేతి మీద చెయ్యి వేసి, "ఘబ్రావ్ నక్కో బేటా" అంది.

భయపడకు అని నేను ఆమెకు చెప్పాల్సింది. ఆమె నాకు చెప్పింది.

మమ్మల్ని గట్టు నుంచి భాయ్ చూశాడు. మా అందరికన్నా ముందు నుంచీ అక్కడ బోటు నడుపుతున్న మనిషి, మాకందరికీ భాయే. తన బోటు వేసుకుని వచ్చి, తాడు విసిరి, రాళ్లు ఇంకా కాస్త దూరంలో ఉండగానే మమ్మల్ని లాక్కుపోయాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దిగేటప్పుడు నాయనమ్మ నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లింది.

ఆ సాయంత్రమే నా భార్యకు అంతా చెప్పాను. ఆమె అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి విన్నది.

"మోటారు మార్చమని అడుగున్రి" అంది.

"అడిగినం. పై ఆఫీసుకు రాసినమంటున్నరు."

"అచ్చేదాంక మబ్బు వడితే బోటు తియ్యకున్రి. ఎవ్వలు ఒర్రినా తియ్యకున్రి."

తియ్యలేదు. కానీ మబ్బు లేని రోజుల్లోనూ భయం పోలేదు. బోటును గట్టుకు దగ్గర దగ్గరగానే తిప్పేవాడిని. "మధ్యల దాంక పోనియ్యవా అన్నా?" అని జనం అడిగితే నీళ్లలో గుర్రపుడెక్క మొక్క అల్లుకుని ఉందని చెప్పేవాడిని. అది నిజంగానే ఉండేది, కానీ కారణం అది కాదు. నిద్రలో తాడు లాగుతున్నట్టు చెయ్యి విసిరి గోడకు కొట్టుకున్నాను కూడా. ఈ పని వదిలి ఆటో తోలుకుందామా అని ఆలోచించాను. ఇన్నేళ్లు నీళ్ల మీద బతికినవాడికి ట్రాఫిక్‌లో బతకడం చేతనవుతుందా అనేది తేలలేదు.

వానాకాలం మొదట్లో కొత్త మోటార్లు వచ్చాయి. పెద్ద చెక్కపెట్టెల్లో, లారీ మీద. ఫోర్ స్ట్రోక్ మోటార్లు, పాతవాటికన్నా బరువు, నలుగురం పట్టుకుంటే గానీ లేవలేదు. వాటిని బిగించి మాకు నేర్పడానికి గోదావరి వైపు నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు. సముద్రం బోట్ల మీద పనిచేసిన మనిషి, మాట మెత్తన.

"దీంట్లో పెట్రోలుకి ఆయిలు కలపక్కర్లేదండి. కారుకి ఉన్నట్టే, ఇంజనాయిలు వేరే ఉంటుంది. తాడు లాగే పనీ లేదు. తాళం తిప్పడమే" అన్నాడు.

ఎర్రటి చుట్టల తీగ ఒకటి చూపించి, ఒక కొస మోటారు స్విచ్చుకు, రెండో కొస నా లైఫ్ జాకెట్‌కు తగిలించాడు. నేను నీళ్లలో పడితే తీగ ఊడి మోటారు దానంతటదే ఆగిపోతుందట. అది విన్నాక ఆ మోటారు మీద కొంచెం గౌరవం కలిగింది.

నన్ను మొదట కూర్చోబెట్టాడు. తాళం తిప్పాను. చిన్న గురక లాంటిది వచ్చి పోయింది. స్టార్ట్ కాలేదనుకుని మళ్లీ తిప్పాను. కర్రుమని ఇనుము గీసుకున్న చప్పుడు.

"అయ్యో, కంగారు పడకండి. నడుస్తోందండి" అన్నాడు టెక్నీషియన్.

గట్టు మీంచి భాయ్ చెవి పక్కన చెయ్యి పెట్టుకుని విన్నాడు. "చాలూ హై కి బంద్ హై, మాలూమీచ్ నై హోరా" అన్నాడు. నాకూ తెలియలేదు, నడుస్తోందో ఆగిందో.

"ఎట్ల తెలవాలె మరి?" అని అడిగాను.

టెక్నీషియన్ మోటారు వెనక వేలు పెట్టి చూపించాడు. ఒక చిన్న రంధ్రం లోంచి సన్నటి నీళ్లధార బయటికి పడుతోంది. "చెరువు నీళ్లే లోపలికి పోయి ఇంజన్ని చల్లబరిచి ఇలా బయటికొస్తాయండి. ఈ ధార ఉన్నంతసేపూ మీకు దిగుల్లేదు. ఇది ఆగిందంటే మాత్రం వెంటనే ఇంజను ఆపెయ్యాలి. కూత కూడా వేస్తుందనుకోండి."

"చిన్న పోరడు పోస్తున్నట్టుంది గదా" అన్నాడు భాయ్. ఆ తర్వాత మేమెవరం దాన్ని వేరే పేరుతో పిలవలేదు. బోటు తీసే ముందు "పోరడు పోస్తున్నడా?" అని అడగడం అలవాటైంది.

కొత్త ఇంజను కుదురుకునే దాకా పూర్తి వేగం ఇవ్వొద్దని చెప్పి, ధార ఆగితే ఏం చెయ్యాలో నా చేత రెండు మూడుసార్లు చేయించి, టెక్నీషియన్ వెళ్లిపోయాడు.

మొదటి వారంలో ఒక కొత్త జంట ఎక్కింది. మెల్లగా పోతుంటే వాళ్లు గుసగుసలాడుకుంటున్న మాటలు నాకు వినబడుతున్నాయి. నాకే సిగ్గనిపించి దగ్గాను. అంతలో జూ వైపు నుంచి ఒక గర్జన నీళ్ల మీదుగా వచ్చింది. ఆ అమ్మాయి ఉలిక్కిపడి అబ్బాయి చెయ్యి పట్టుకుంది.

"అదేంది అన్నా?"

"సింహం అమ్మా. జూలది" అన్నాను.

ఇన్నేళ్లలో బోటు మీద ఉండగా నేను సింహం అరుపు వినడం అదే మొదలు. గట్టు మీద కూర్చున్నప్పుడు వినేవాళ్లం. నీళ్ల మీద మా మోటారు దేన్నీ వినబడనిచ్చేది కాదు. కొంగలు లేచేటప్పటి రెక్కల చప్పుడు, నాలుగు దిక్కుల నుంచి ఒకదాని వెనక ఒకటి మొదలయ్యే సాయంత్రపు అజాన్, అన్నీ వచ్చి చేరాయి.

ఇంట్లోనూ మార్పు వచ్చింది. ఒకరోజు అన్నం తింటూ ఏదో చెబుతుంటే నా భార్య, "ఏమన్నరు? జెర గట్టిగ చెప్పున్రి" అంది. చెప్పి తనే ఆగింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆమె నవ్వితే గొంతు రాలేదు, భుజాలు మాత్రం కదిలాయి.

ఇంత జరిగినా మోటారు మీద నమ్మకం మాత్రం కుదరలేదు. పాత మోటారుకు జబ్బు చేస్తే చప్పుడులోనే తెలిసేది. దాని దగ్గు, దాని మూలుగు నాకు కొట్టిన పిండి. ఇది ఏమీ చెప్పదు. అందుకని బోటు నడుపుతూ ఊరికే వెనక్కి తిరిగి ధార చూసుకునేవాడిని. మెడ పట్టేసేది. గట్టుకు దగ్గరగా తిప్పడమూ మానలేదు.

వానలు వెనకపట్టు పడుతున్న రోజుల్లో ఒక ఆదివారం కార్వాన్ నుంచి ఒక సేటు కుటుంబం వచ్చింది. కిరాణా హోల్‌సేల్ దుకాణం వాళ్లు. సేటు, ఆయన ఇద్దరు అక్కలు, వాళ్ల కోడళ్లు, పిల్లలు. బోటు నిండింది. మబ్బు దూరంగా ఉంది, ఇటు రావడానికి టైం పడుతుందనుకున్నాను. సేటు మాటకారి. ఒక చుట్టు అయ్యాక, "మధ్యల దాంక పోదాం తమ్మీ. అక్కలు మళ్ల ఎప్పుడొస్తరో" అన్నాడు. పెద్దక్క ముఖం చూసి కాదనలేకపోయాను. పోనిచ్చాను.

మబ్బు నేననుకున్న దానికన్నా తొందరగా వచ్చింది. మొదట చల్లగాలి, ఆ వెనకే ఈదురు. నీళ్లు మళ్లీ ఆ రోజులాగే నల్లబడ్డాయి. బోటును ఒడ్డు వైపు తిప్పానో లేదో, మోటారు కీచుమని ఆపకుండా కూత మొదలుపెట్టింది. వెనక్కి చూశాను. ధార లేదు.

తాళం తిప్పి ఆపేశాను. కూత ఆగి, గాలి హోరు ఒక్కటే మిగిలింది. బోటు పక్కవాటుకు తిరగడం మొదలైంది. గాలి అదే వైపు నుంచి, అవే రాళ్ల మీదికి.

"ఏమైంది తమ్మీ?" సేటు గొంతు మారింది.

"ఏం ఫికర్ లేదు సేటు. నీళ్లు పోయే తొవ్వల ఏదో అడ్డం వడ్డది. తీసేస్త. అందరు ఉన్నకాన్నే కూసోన్రి, లేవకున్రి."

ఈ మాటలు నా నోటి నుంచి మామూలుగా వచ్చాయి. అది నాకే వింతగా ఉంది. మోటారు పైకి లేపే బటన్ నొక్కాను. అది నెమ్మదిగా నీళ్లలోంచి తల ఎత్తింది. వెనక అంచు మీద బోర్లా పడుకుని చెయ్యి చాపాను. రెక్కలకు పైన, నీళ్లు లోపలికి పీల్చుకునే జల్లెడ లాంటి చోట, ఒక పాలిథిన్ కవరు అతుక్కుని ఉంది, దాని మీద గుర్రపుడెక్క వేళ్లు. కవరు జారుతోంది, ఊడి రావడం లేదు. సేటు నా కాళ్లు రెండూ పట్టుకుని కూర్చున్నాడు. ఇంకొంచెం ముందుకు జరిగి, గోళ్లతో గీకి, ముక్కలు ముక్కలుగా లాగాను. చివరి ముక్క కూడా వచ్చేసింది.

లేచి మోటారు కిందికి దింపాను. చేతుల వంక చూసుకున్నాను. తడిగా ఉన్నాయి, ఒక గోరు విరిగింది, వణకడం లేదు. తాళం తిప్పాను.

ఒక్క తిప్పుకే అందుకుంది. గాలి హోరులో దాని చప్పుడు ఎలాగూ వినబడదు. వెనక్కి వంగి చూశాను. మొదట రెండు చుక్కలు, ఆ తర్వాత ధార. సన్నగా, తెగకుండా పడుతోంది.

"పోస్తున్నడు" అన్నాను పైకే. సేటుకు అర్థం కాలేదు.

కూత మళ్లీ వస్తుందేమోనని కాసేపు నెమ్మదిగా పోనిచ్చి, రాలేదని రూఢి చేసుకుని, అప్పుడు వేగం పెంచే పిడిని చివరిదాకా తోశాను. ఆ మోటారుకు పూర్తి వేగం ఇవ్వడం నాకు అదే మొదలు. బోటు ముక్కు పైకి లేచి, మళ్లీ సర్దుకుని, అలల మీద దడదడ కొడుతూ దూసుకుపోయింది. అంత మందిని మోస్తూ, ఎదురుగాలిలో, ఏ మాత్రం గింజుకోకుండా. పాత మోటారైతే ఆ గాలికి ఉన్నచోటే నిలబడి మూలిగేది. రాళ్లకట్ట వెనక్కి జరిగిపోయింది. పిల్లలకు ఇదంతా ఆటలా ఉంది, కేరింతలు కొడుతున్నారు. సేటు అక్కలిద్దరూ కళ్లు మూసుకుని ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నారు.

మొదటి చినుకులు పడేసరికి బోటు ఒడ్డుకు చేరింది. భాయ్ తాడు అందుకుని కట్టేశాడు. ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దింపాను. పెద్దక్క దిగి, నేల మీద రెండు అడుగులు వేసి, వెనక్కి తిరిగి, "మంచిగ తోలినవ్ బిడ్డా" అంది. సేటు తన రుమాలు తీసి నా విరిగిన గోటికి చుట్టాడు.

వాళ్లు వెళ్లాక రేకుల షెడ్డు కింద కూర్చుండిపోయాను. వాన దంచి కొడుతోంది. భాయ్ ఫ్లాస్కు లోంచి చాయ్ పోసి ఇచ్చాడు. తాగుతుంటే ఒళ్లంతా తేలికై, ఎక్కడ లేని ఆకలి పుట్టింది. ఆ ఎండాకాలం నుంచి సరిగ్గా ఆకలి వెయ్యలేదన్న సంగతి అప్పుడు తెలిసింది.

వాన తగ్గాక దారిలో మిర్చీ బజ్జీలు కట్టించుకుని ఇంటికి వెళ్లాను. నా భార్య డ్యూటీ నుంచి వచ్చి, తడిసిన జుట్టు ఆరబెట్టుకుంటోంది. జరిగింది చెప్పాను. అంతా విన్నాక ఆమె, "అందరు దిగిన్రా?" అంది.

"దిగిన్రు."

ఆమె తల ఊపి, బజ్జీ ఒకటి తుంచి సగం నా చేతిలో పెట్టింది. ఆ మర్నాడు పొద్దున మొదటి ట్రిప్పుకు ఎక్కినవాళ్లను, వాళ్లు అడగకముందే చెరువు మధ్య దాకా తీసుకుపోయాను.