ప్రతివాదుల వరసలో లేని పెళ్ళికొడుకు

పెదనాన్న కోర్టులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు మోశాడు. మోశాడంతే, ఒక్కటీ విప్పి చదివిన పాపాన పోలేదు. అయినా రిటైరయ్యాక ఆయన దర్జా చూడాలి! సంబంధం కలుపుకోవాలన్నా, స్థలం కొనాలన్నా, అవతలివాడు కోర్టు గొడవల్లో ఉన్నాడేమో కనుక్కోమని జనం ఆయన గుమ్మం ఎక్కేవారు. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రికార్డు గదికి వెళ్ళి, రిజిస్టరు తీయించి, ప్రతివాదుల వరస మీద మాత్రమే వేలు పెట్టి చూసుకుంటూ పోయేవాడు. కేసు వేసినవాడు మంచివాడు, వేయించుకున్నవాడు దొంగ. ఆయన నేర్చిన న్యాయశాస్త్రం అంతవరకే. ఈ మాత్రం దానికి ముప్పై ఏళ్ళ అనుభవం ఎందుకని అడిగిన నాథుడు లేడు.

తమ్ముడి కూతురికి సంబంధం వచ్చింది. ఆ పిల్ల రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. కుర్రాడిది మంచి ఉద్యోగం, పైగా సొంత ఇల్లు. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో మనిద్దరమే ఉంటామని ఆమెతో చెప్పాడు కూడా. తండ్రి లేని పిల్ల కనుక ఆమె ఇంట్లో పెదనాన్న మాటకు తిరుగులేదు. ఆయన రెండు రోజులు తిరిగొచ్చి, కాలు మీద కాలు వేసుకుని తీర్పు చెప్పాడు.

"కడిగిన ముత్యంలాంటి కుర్రాడమ్మా. ఒక్క కేసు లేదు. వచ్చేవారం మాట ఇచ్చేద్దాం."

ఆమెకు ఒకటే అనుమానం. మనిద్దరమే అంటే, ఇప్పుడా ఇంట్లో ఉంటున్న అతని తల్లి ఎక్కడుంటుంది? ల్యాబులో సీసా మీది పేరూ కాగితం మీది పేరూ రెండూ చూడనిదే ఆమె సూది పట్టదు. మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి కోర్టుకు వెళ్ళింది. రుసుము కట్టి, రిజిస్టరు తీయించి, రెండు వరసలూ చదివింది. పావుగంట పట్టలేదు. వాదుల వరసలో కుర్రాడి పేరుంది. దానికెదురుగా ప్రతివాదిగా అతని తల్లి పేరు. ఆవిడ చేత ఇల్లు ఖాళీ చేయించమని దావా.

సాయంత్రం ఆ పేజీ నకలు తెచ్చి పెదనాన్న ముందు పెట్టింది. ఈ సంబంధం వద్దని వాళ్ళకు ఫోన్ చేసి చెప్పేశానంది.

"నీకేమైనా మతిపోయిందా? వేసింది అతను. అతని మీద ఎవరూ వేయలేదుగా," అన్నాడాయన, కళ్ళజోడైనా పెట్టుకోకుండా.

ఆమెకు ఒళ్ళు మండింది. ఇంతకాలం ఈయన వేలిని నమ్ముకున్నందుకు సిగ్గు కూడా వేసింది.

"సరే పెదనాన్నా. రేపు ఆ పెద్దావిడ ఎక్కడో ఒక గది అద్దెకు అడిగిందనుకోండి. ఆ ఇంటివాళ్ళొచ్చి ఆవిడ ఎలాంటిదని మిమ్మల్నడిగితే ఏం చెప్తారు?"

ఆయన క్షణం కూడా ఆలోచించలేదు.

"కేసున్న మనిషి, గది ఇవ్వొద్దని చెప్తాను."